మైకోరైజాను ఇంట్లో పెంచి నేలను గుల్లబరచడం ఎలా?

మిర్చి నారుమళ్ల కాలం దగ్గరపడితే చాలు, గుంటూరు చుట్టుపక్కల రైతుల నుంచి ఒకటే ప్రశ్న: "మైకోరైజా ప్యాకెట్ తెచ్చాను. రెండు వందల లీటర్ల డ్రమ్ములో బెల్లం, శనగపిండి కలిపి ఎన్నాళ్లు నానబెట్టాలి?"

ఒక్క పూట కూడా వద్దు. మైకోరైజా అనేది వేర్లలో బతికే శిలీంధ్రం, దానికి బెల్లంతో పని లేదు. ప్రాణమున్న వేరులోకి చేరి, ఆ మొక్క ఇచ్చే చక్కెరతోనే అది బతుకుతుంది. తెగుళ్లను అణచే ట్రైకోడెర్మా శిలీంధ్రాన్ని మాగిన పశువుల ఎరువులో పెంచినట్టు దీన్ని పెంచడం కుదరదు. డ్రమ్ములో నురగ కట్టి పొంగేది ఇంకేదో. మీ డబ్బు మాత్రం అడుగున మునిగి ఉంటుంది.

ఆ వెంటనే వచ్చే రెండో ప్రశ్న: "ఇది వేస్తే మా నల్లరేగడి తేలిక నేల అవుతుందా?" కాదు. బంకమన్ను ఎంత, ఇసుక ఎంత అన్న పాళ్లు మారవు. మారేది ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కునే తీరు. గుంటూరు రేగడి తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే స్వభావం దాని బంకమన్నులోనే ఉంది. ఆ స్వభావం పోదు. పెళ్లలు పెళ్లలుగా లేచే మట్టి రవ్వలుగా విడిపోవడం, వాన పడితే పైన అట్టకట్టకుండా నీరు లోపలికి దిగడం, ఈ మేరకు ఆశించవచ్చు.

సిద్ధాంతం ఇంత తెలిస్తే చాలు. ఈ శిలీంధ్రపు పోగులు 2 నుంచి 10 మైక్రాన్ల మందమే ఉంటాయి. వేరు కేశం దూరలేని సందుల్లోకి దూరి, భాస్వరాన్ని తెచ్చి మొక్కకు ఇస్తాయి. పోతూ పోతూ దారిలోని బంకమన్ను రేణువులనూ సన్న ఇసుకనూ చుట్టి పట్టుకుంటాయి. పోగుల నుంచి వచ్చే పదార్థాలు, అవి చచ్చాక మిగిలే శేషం జిగురుగా పనిచేస్తాయి. అలా పావు మిల్లీమీటరు లోపు ఉన్న చిన్న రవ్వలు కలిసి పెద్ద రవ్వలవుతాయి. 1996లో అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన సారా రైట్ బృందం ఈ జిగురులో ఒక ప్రోటీన్ ఉందని చెప్పింది. దానికి గ్లోమాలిన్ అన్న పేరు స్థిరపడింది. కొలిచే పద్ధతిలో వేరే సేంద్రియ పదార్థాలు కూడా కలిసి వస్తున్నాయని తర్వాత తేలింది. కాబట్టి గ్లోమాలిన్ పేరు చెప్పి ఎవరైనా ధర పెంచితే తొందరపడవద్దు. ఇక మట్టి కూర్పు సంగతి: శిలీంధ్రం, దాని వెంట ఉండే బాక్టీరియా విడిచే ఆమ్లాలు అభ్రకం వంటి ఖనిజాల నుంచి పొటాషియంను కొద్దికొద్దిగా బయటికి లాగుతాయి. అది ఏళ్లూ పూళ్లూ పట్టే పని, ఈ సీజన్ లెక్కలో వేసుకోవద్దు.

కావలసినవి

- 12 అంగుళాల కుండీలు నాలుగు, లేదా అంతే పరిమాణం గల గ్రో బ్యాగులు
- కడిగిన ఏటి ఇసుక, చేను మట్టి సమపాళ్లలో. సూర్యలంక వైపు నుంచి తెచ్చిన సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు వదలదు
- తోడు మట్టి: అంటే శిలీంధ్రం ఇప్పటికే ఉన్న వేర్లు, వాటి చుట్టూ ఉన్న మట్టి. లేదా కొన్న ప్యాకెట్
- తినడానికి వాడే జొన్నలు గుప్పెడు. రంగు మందు పూసిన సంకర విత్తనం పనికిరాదు, ఆ పూతలో శిలీంధ్రనాశిని ఉంటుంది
- స్టీలు టీ వడపోత, వెడల్పాటి గిన్నె, గాజు గ్లాసులు, గడియారం
- వాన నీరు లేదా బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్, ఒక లీటరు

ప్యాకెట్ కొనేవారు దాని మీద గ్రాముకు ఎన్ని సజీవ బీజాలు ఉన్నాయో, తయారీ తేదీ, గడువు తేదీ ఉన్నాయో లేదో చూడండి. హ్యూమిక్, సముద్రపు నాచు, అమైనో ఆమ్లాలు అన్నీ కలిపిన సరుకు అయితే పైరు పచ్చబడినా అది శిలీంధ్రం వల్లనో కాదో చెప్పలేరు.

1. ముందు ఉన్న మట్టిని పరీక్షించండి

దీన్ని దాటేసే వారే ఎక్కువ. ఈ రోజు మట్టి ఎలా ఉందో రాసుకోకపోతే, ఏడాది తర్వాత "బాగుపడినట్టే ఉంది" అనుకోవడం తప్ప ఏమీ మిగలదు.

మూడు చోట్ల నుంచి మట్టి తీయండి: సాలులో మొక్క వేరు దగ్గర, ట్రాక్టరు చక్రం నడిచే చోట, ఎప్పుడూ దున్నని గట్టు మీద గరిక కింద. పై పొర తీసేసి 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతులో తీసుకోండి. చేత్తో నలపకుండా, శనగ గింజంత రవ్వలు చోటుకు పది ఏరి, నీడలో కాగితం మీద పూర్తిగా ఆరనివ్వండి.

ఆరబెట్టడంలో తొందర వద్దు. పదునుగా ఉన్న రవ్వను నీళ్లలో వేస్తే ఎలాంటి మట్టి అయినా గట్టిగా నిలబడినట్టు కనిపిస్తుంది. పొడి రవ్వలోకి నీరు ఒక్కసారిగా దూరితే లోపలి గాలి ఒత్తిడికి గురై రవ్వను పగలగొట్టాలని చూస్తుంది. ఆ ఒత్తిడికి తట్టుకుంటుందా లేదా అన్నదే పరీక్ష.

రవ్వను టీ వడపోతలో పెట్టి, నిలకడగా ఉన్న నీటిలో మునిగేంత వరకు దించి గడియారం చూడండి.

- 5 సెకన్లలోపే సగం జారిపోతే: కట్టు లేని మట్టి
- 5 నుంచి 30 సెకన్లు: బలహీనం
- 30 సెకన్ల నుంచి 5 నిమిషాలు: ఓ మోస్తరు
- 5 నిమిషాలు నిలిస్తే వడపోతను నెమ్మదిగా ఐదు సార్లు పైకెత్తి దించండి. ముప్పాతికకు పైగా మిగిలితే మంచి కట్టు ఉన్న మట్టి. పదో వంతు కూడా మిగలకపోతే దాన్ని ఓ మోస్తరు కింద రాయండి

చాలా చేలలో గట్టు మీది మట్టి మిగతా రెండింటినీ ఓడిస్తుంది. మీ నేల ఎంతవరకు బాగుపడగలదో ఆ గట్టే చెబుతుంది, వేరే ఊరి చేనుతో పోల్చుకోనక్కర్లేదు.

ఇప్పుడు రెండో పరీక్ష, రేగడి వారు తప్పక చేయాల్సింది. గాజు గ్లాసులో వాన నీరు పోసి, ఒక రవ్వను మెల్లగా అడుగున వదలండి. కదపకుండా రెండు గంటల తర్వాత ఒకసారి, మర్నాడు ఒకసారి చూడండి. రవ్వ చిన్న పలుకులుగా విడిపోయినా నీరు తేటగా ఉంటే కంగారు లేదు. నల్లరేగడి అలా విడిపోవడం సహజం. రవ్వ చుట్టూ మసక వలయం లేచి నీరంతా మడ్డిగా మారితే అది సోడియం సమస్య, చౌడు లక్షణం. దానికి మైకోరైజా మందు కాదు. భూసార పరీక్ష చేయించి, ఆ సిఫారసు ప్రకారం జిప్సం వేయండి, తర్వాతే ఈ పనికి రండి.

ఈ పరీక్షకు బోరు నీరు వాడవద్దు. నీటిలోని లవణాలు బంకమన్నును ముద్దకట్టించి అడుగుకు దించేస్తాయి. సమస్య ఉన్న మట్టి కూడా తేటగా కనిపించి మిమ్మల్ని మోసం చేస్తుంది.

2. ఉన్న శిలీంధ్రాన్ని చంపే పనులు ఆపండి

నా మటుకు ఇది ప్యాకెట్ కంటే ముఖ్యం. దాదాపు ప్రతి చేలోనూ ఈ శిలీంధ్రం ఎంతో కొంత ఉంటుంది. మనమే దాన్ని ఎదగనివ్వం.

మొదటి దోషి డీఏపీ. భాస్వరం దండిగా దొరికే మొక్క శిలీంధ్రానికి చక్కెర ఇవ్వడం తగ్గించేస్తుంది. ఏళ్ల తరబడి డీఏపీ పోసిన మిర్చి చేలలో భాస్వరం పేరుకుని ఉండటం మామూలే. భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువ అని వస్తే ఈ ఏడు దుక్కిలో వేసే భాస్వరం తగ్గించండి. తక్కువ అని వస్తే మానేయవద్దు, మొక్క ఎండిపోతే శిలీంధ్రమూ ఉండదు.

రెండోది రోటవేటర్. పదే పదే తిప్పితే పోగుల వల తెగిపోతుంది, ఉన్న రవ్వలూ పొడి అవుతాయి. పురుగు కోశాలు బయటపడటానికి చేసే వేసవి దుక్కిని నేను కాదనను. ఒకసారి నాగలి సాలుతో పని అయితే మూడుసార్లు రోటవేటర్ ఎందుకు అన్నదే నా ప్రశ్న.

మూడోది, మార్చి నుంచి జూన్ దాకా చేనును ఉత్తగా ఎండబెట్టడం. నీటి వసతి ఉంటే జనుమో పిల్లిపెసరో చల్లండి. లేకపోతే తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి వదిలేయండి, ప్రకృతి వ్యవసాయం చేసేవారు చేస్తున్నదే. వాటిలో ఆవాలు మాత్రం తగ్గించండి. ఆవ, ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్ జాతి మొక్కల వేర్లు ఈ శిలీంధ్రాన్ని దరి చేరనివ్వవు. పాలకూర, తోటకూర కుటుంబమూ దాదాపు అంతే.

కార్బెండజిమ్ వంటి శిలీంధ్రనాశిని మందు నేలను తడిపేలా పోయడం కూడా దీనికి చేటు. అలాగని నారుకుళ్లు వచ్చిన మడిని చూస్తూ కూర్చోమని కాదు. మందు తప్పనిసరి అయితే పోసి, రెండు మూడు వారాలు ఆగి శిలీంధ్రం వేయండి.

3. తోడు మట్టి తెచ్చుకోండి

కొన్న ప్యాకెట్ ఉంటే ఇది దాటేయవచ్చు. లేనివారు ఏళ్లుగా దున్నని గట్టు మీద గరిక లేదా వెంపలి కింద, లేదంటే ఆరోగ్యంగా ఉన్న కంది, జొన్న చేలో సన్న వేర్లతో సహా మట్టి తవ్వండి. నాలుగు కుండీలకు రెండు మూడు కిలోలు సరిపోతాయి.

మిర్చి, టమాటా, వంగ పండించిన చేల నుంచి తేవద్దు. వడలు తెగులు, నులిపురుగులు వెంట వస్తాయి. వేర్ల మీద ఉబ్బిన ముడులు కనిపిస్తే ఆ మట్టిని అక్కడే వదిలేయండి. కంది వేరుకు పక్కన అతికినట్టు ఉండి, గోటితో తీస్తే ఊడివచ్చే బుడిపెలు వేరే రకం, అవి నత్రజని బుడిపెలు. నులిపురుగు ముడి వేరులో భాగంగా ఉబ్బి ఉంటుంది, తీస్తే రాదు. తుంగ ఉన్న చోటు కూడా వద్దు; ఒక్క గడ్డ వచ్చినా కుండీ అంతా అదే. గరిక కింద తవ్వితే దాని కణుపులన్నీ ఏరేయండి.

4. కుండీల్లో పెంచండి

ఫిబ్రవరి మొదటి పక్షంలో మొదలుపెడితే మిర్చి నారుమడికి సకాలంలో అందుతుంది. ఆలస్యమైతే రోహిణి కార్తె ఎండలు లేత పైరు మీద పడతాయి.

ఇసుక, చేను మట్టి కలిపి, ఆవిరి పట్టి చల్లార్చండి: పెద్ద పాత్రలో అడుగున నీళ్లు, పైన చిల్లుల పళ్లెం, దాని మీద గోనె గుడ్డలో మట్టి, గంటసేపు. మర్నాడు ఇంకోసారి. అంత ఓపిక లేకపోతే ముందు ఏడాది వేసవిలోనే తడిపిన మట్టి మీద పారదర్శకమైన పాలిథిన్ పరిచి నాలుగు నుంచి ఆరు వారాలు ఎండలో ఉంచి దాచుకోవచ్చు. ఆవిరి పట్టేది ఈ మిశ్రమానికే. తోడు మట్టికి కూడా పట్టేసి, "ఏమీ రాలేదు" అని ఫోను చేసేవారు ఉంటారు.

కుండీని అంచుకు ఐదు సెంటీమీటర్ల కింది వరకు నింపి, తోడు మట్టిని వేలెడు మందాన పొరగా పరచండి. పైన కాస్త మిశ్రమం కప్పి ఎనిమిది పది జొన్న గింజలు నాటండి. ప్రతి వేరూ ఆ పొరను దాటే కిందికి పోవాలి. అందుకే కలిపేయకుండా పొరగా వేయడం.

నెల తర్వాత కుండీకి చిటికెడు యూరియా నీళ్లలో కలిపి పోయండి. డీఏపీ, ఎముకల పొడి, వర్మికంపోస్టు ఏవీ వద్దు. జొన్న కొంచెం బక్కగా, ఆకు లేతగా ఉంటేనే మేలు. ఇంట్లో ఆర్‌ఓ యంత్రం వదిలే నీరు పోయవద్దు, అందులో లవణాలు ఎక్కువ. ఏప్రిల్ నుంచి మధ్యాహ్నం వేళ కుండీలకు నీడ పట్టండి, సిమెంటు గచ్చు మీద నేరుగా ఉంచవద్దు.

5. ఎండగట్టి తీయండి

సుమారు మూడు నెలలకు నీరు ఆపేయండి. పైరు వాడిపోతుంటే మనసు ఒప్పక మళ్లీ నీళ్లు పోస్తారు, పోయవద్దు. చెట్టు ఎండుతున్న ఆ పది పదిహేను రోజుల్లోనే శిలీంధ్రం తన సిద్ధబీజాలను బాగా కడుతుంది. తర్వాత పైభాగం కోసేసి, కుండీని బోర్లించి, వేర్లను సెంటీమీటరు ముక్కలుగా తరిగి ఆ మట్టిలోనే కలపండి. నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో పెట్టుకోండి. ఎండలో ఆరబెడితే ఇంతవరకు చేసిందంతా వృథా.

6. పనిచేసే సరుకేనా? చూసి మరీ వేయండి

ఇంట్లో పెంచినా, కొన్నా ఈ పరీక్ష ఒకటే. ఒక గుప్పెడు సరుకును ఆవిరి పట్టి చంపండి. భాస్వరం తక్కువ ఉన్న ఇసుక మట్టితో రెండు కుండీలు నింపి, ఒకదానిలో చంపిన సరుకు, మరోదానిలో బతికున్న సరుకు సమానంగా వేసి, రెండింటిలోనూ ఉల్లి విత్తండి. ఉల్లికి వేరు కేశాలు బహు తక్కువ, శిలీంధ్రం సాయం లేకపోతే తొందరగా బయటపడుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో రెండూ ఒకేలా ఉంటే ఆ సరుకును చేనుకు తీసుకెళ్లవద్దు. సారవంతమైన మట్టిలో ఈ పరీక్ష చేస్తే రెండూ ఏపుగానే పెరిగి ఏమీ తేలదు.

వేర్ల మీద తెల్ల బూజు కనిపించిందని ఫొటోలు పంపుతుంటారు. అది మైకోరైజా కాదు. వేరు లోపల ఉండే ఈ శిలీంధ్రం మామూలు కంటికి కనబడదు. మీ పిల్లలు చదివే కళాశాలలో వృక్షశాస్త్ర ప్రయోగశాల ఉంటే అక్కడ అడగండి: వేర్లను పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉడికించి కడిగి, సిరా కలిపిన వెనిగర్‌లో మరిగిస్తే సూక్ష్మదర్శిని కింద పోగులు రంగులో కనిపిస్తాయి. ఆ క్షారం చర్మాన్ని కాలుస్తుంది, ఇంటి వంటగదిలో ఈ పని పెట్టుకోవద్దు.

7. వేయడం

మిర్చికి నారుమడిలో వేయడమే చవక. చదరపు మీటరుకు 100 గ్రాములు, గింజ కింద రెండు మూడు సెంటీమీటర్ల లోతులో. ఎకరానికి సరిపడే నారుమడి ఒక సెంటు, అంటే 40 చదరపు మీటర్లు. నాలుగు కిలోలు చాలు. అదే సరుకును ఎకరం పొలంలో చల్లితే ఎక్కడికి పోయిందో కూడా తెలియదు. ప్రోట్రేల (గడులున్న ప్లాస్టిక్ పళ్లేల) నారు తెచ్చుకునేవారు నాటేటప్పుడు గుంటకు 20 గ్రాములు వేరుకు తగిలేలా వేయండి. పెద్ద చెట్లకు 200 గ్రాములు, పాదులో సన్న వేర్లు కనిపించే వరకు తవ్వి వేయాలి. పై మట్టి మీద చల్లి నీళ్లు పోయడం దండగ.

ఒక మడికి చంపిన సరుకు వేసి గుర్తు పెట్టండి. ఆ నారును పొలంలో రెండు సాళ్లు విడిగా నాటండి. పోల్చడానికి అవే దిక్కు.

కృష్ణా డెల్టా మాగాణి వారికి నా సలహా వేరు. నీరు నిలిచిన వరిలో ఈ శిలీంధ్రం మందగిస్తుంది, అక్కడ డబ్బు పెట్టవద్దు. వరి కోతకు ముందే చల్లే మినుము, కోశాక దున్నకుండా వేసే మొక్కజొన్న, రెండూ శిలీంధ్రానికి ఆతిథ్యమిచ్చే పైర్లే. మడిని బురద దున్నాక చెదిరిన మట్టి కట్టు కొంతైనా కోలుకునేది ఆ నెలల్లోనే. ఆ పైరుకు డీఏపీ తగ్గించడమే మీరు చేయగలిగిన పెద్ద పని.

విజయవాడ మిద్దె తోటల్లో కొబ్బరి పొట్టు, వర్మికంపోస్టు మాత్రమే నింపిన కుండీలకు ఇది పెద్దగా ఉపయోగపడదు. రవ్వ కట్టాలంటే మట్టి ఉండాలి, కనీసం మూడో వంతు. కుండీకి 10 గ్రాములు నాటేటప్పుడు వేయండి. పంట అయ్యాక మొక్కను పెరకకుండా మొదలు దగ్గర కోసి, వేరును లోపలే వదిలి పక్కన కొత్త మొక్క పెట్టండి. ఆకుకూరల తొట్టెలను ఈ లెక్క నుంచి తీసేయండి.

8. చేలో ఫలితం చూడటం

నాటిన మూడు నాలుగు నెలలకు, శిలీంధ్రం వేసిన సాలు నుంచి, చంపిన సరుకు సాలు నుంచి ఒకే రోజు, ఒకే లోతులో రవ్వలు తీసి మొదటి మెట్టులోని వడపోత పరీక్ష చేయండి. అదే వడపోత, అదే నీరు. ఒక సాలు వేసవిలో, మరో సాలు వాన వెలిశాక పరీక్షించి పోల్చేవారి లెక్క ఎందుకూ కొరగాదు.

మొదటి పంటకు సెకన్లలో కొద్దిపాటి తేడా వస్తే అది మంచి కబురే. తేడా లేకపోతే భూసార పత్రంలో భాస్వరం అంకె మళ్లీ చూడండి. చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది. రెండు మూడు పంటల పాటు దుక్కి తగ్గించి, వేసవిలో ఏదో ఒక వేరు బతికి ఉండేలా చూస్తే సాలు మట్టి గట్టు మట్టి వైపు జరగాలి. జరగకపోతే కొత్త ప్యాకెట్ కొనవద్దు, రెండో మెట్టులో ఏది వదిలేశారో వెతకండి.

పంట చివర మిర్చి మోళ్లను నేల మట్టానికి కోసి, వేరును అక్కడే ఉంచండి. వడలు తెగులు సోకిన చెట్లయితే మాత్రం వేళ్లతో సహా పీకి తగలబెట్టండి. కుండీ సరుకులో కిలో మిగుల్చుకుంటే వచ్చే ఫిబ్రవరికి అదే తోడు. తీసే ముందు తరిగిన వేర్లలో ముడులు ఉన్నాయేమో మరోసారి చూడండి. ఒక్కటి కనిపించినా ఆ సంచి మొత్తం పారేసి, గట్టు దగ్గర మళ్లీ మొదలుపెట్టండి.